తమ్ముడి పన్ను, బాపమ్మ తాళంచెవి

మొన్న వానలు వెలిసిన వారంలో గోదావరిఖని నుంచి మా తమ్ముడు రాజేశం ఫోన్ చేశాడు. మా పుట్టింటి దుకాణానికి ఉన్న పాత టేకు తలుపులు తీయించి ఇనుప షట్టర్ పెట్టిస్తున్నాడట. "అక్కా, తలుపులతోని పాత తాళం గూడ తీసేస్తున్నం. నీకేమన్న కావాల్నా?" అన్నాడు. మర్యాదకు అడిగాడు గానీ, దుకాణదారుల ఇంట్లో పుట్టినవాళ్లను అలా అడగకూడదు. పెళ్లయి బసంత్‌నగర్ వచ్చి, ఇక్కడా ఓ కిరాణా గల్లా వెనక కూర్చునే ముసలిదాన్నయ్యాను నేను. కొత్తిమీర కట్ట కొని కరివేపాకు కొసరు తేకుండా ఇంటికొస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. అందుకని ఆలోచించకుండానే అన్నాను, "తాళం నువ్వే ఉంచుకో. చాబి నాకియ్యి."

"చాబి ఇయ్య," అన్నాడు. "గదే నా పన్ను తీసిన చాబి. హక్కు నాదే."

"పాలపన్నుకు హక్కేందిరా? మల్ల మొలిచింది గద."

"పాలపన్నైనా పన్నే. నువ్వు తాళం తీస్కపో అక్కా. బరువుంటది, మంచిగుంటది."

"చాబి లేని తాళంతోని ఏం చెయ్యాలె నేను, తొక్కు నూరుకోవాల్నా?"

ఫోన్లో బేరాలు తెగవు. ఎదుటివాడి మొహం కనబడాలి, వాడు ఎక్కడ మెత్తబడుతున్నాడో కళ్లు చెప్పాలి. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, ఎలా మాట కలపాలి, ఎక్కడ అలగాలి, ఎక్కడ అమ్మ పేరెత్తాలి అని లెక్కలు వేసుకుంటూ పోతుంటే, ఆ తాళంచెవే కళ్లముందు ఊగడం మొదలుపెట్టింది. జానెడు పొడుగున్న ఇనుప తాళంచెవి. తలకాయ దగ్గర గుండ్రటి కడియం, కొసన రెండు పెద్ద పళ్లు. మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, దాన్ని ఎప్పుడూ బొడ్లో దోపుకుని తిరిగేది. ఆమె నడుస్తుంటే అది కనబడకపోయినా, ఆమె నడకలో దాని బరువు కనబడేది.

మా ఇంట్లో ముందు భాగం దుకాణం, వెనక భాగం సంసారం, మధ్యలో ఒక గోనెసంచి పరదా. ఆ పరదాకు రెండు వైపులా ఒకటే వాసన. బెల్లం, చింతపండు, కిరసనాయిలు, వీటన్నిటి మీదా బొగ్గు పొగ. మా ఖనిలో తెల్లారితే ప్రతి గడపా తన బొగ్గు పొయ్యిని తెచ్చి వాకిట్లో పెట్టేది. రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కాలేదాకా అక్కడే ఉంచి, అప్పుడు లోపలికి తీసుకుపోయేవాళ్లు. పొద్దుటిపూట వీధంతా పొగ, దగ్గు, పళ్లు తోముకునే చప్పుళ్లు. తీగ మీద ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి ఏ రంగుకు తిరుగుతుందో ఎవరూ పందెం కాసేవాళ్లు కాదు, అందరికీ తెలుసు గనక. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌ గనిలో బొగ్గు పేల్చినప్పుడు నేల సన్నగా వణికేది. పిప్పరమెంట్ల సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. కునుకు తీస్తున్న బాపమ్మ కళ్లు తెరవకుండానే, "సీసల మూతలు చూడుండ్రి," అని అటు తిరిగి పడుకునేది.

దుకాణంలో గోడ గడియారం ఒకటుండేది. దాన్ని మా బాపు, మా నాన్నను మేం అలాగే పిలిచేవాళ్లం, కావాలనే ముందుకు తిప్పి పెట్టేవాడు. మొదటి షిఫ్టుకు బొగ్గు బాయి దిగబోయే కార్మికులు బీడీలకూ పల్లీపట్టీలకూ వచ్చి బేరానికి నిలబడేవాళ్లు. బాపు మాట్లాడకుండా ఒకసారి గడియారం వైపు చూసేవాడు. అంతే. వాళ్లు ఇచ్చేది ఇచ్చి డ్యూటీకి ఉరికేవాళ్లు. గని సైరన్ కూసేదాకా వాళ్లకు అసలు సమయం తెలిసేది కాదు. ఇలాంటి ఇంట్లో పెరిగిన దాన్ని నేను, నా నుంచి ధర్మసూత్రాలు ఆశించకండి.

మా దుకాణానికి సరుకు వల్ల కాదు, తాళంచెవి వల్ల పేరు. చుట్టుపక్కల క్వార్టర్లలో ఏ పసిబిడ్డకు జ్వరంలో మూర్ఛ వచ్చినా, ఎవరో ఒకరు మా గడప ముందుకు ఉరికొచ్చేవాళ్లు. "బాపమ్మా, చాబి," అనడమే తరువాయి. మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెట్టాలని అందరూ నమ్మే రోజులు. అందులోనూ మూడు తరాల చేతుల్లో అరిగిన ఇనుమైతే తిరుగే లేదని నమ్మకం. బాపమ్మ నిదానంగా లేచి, ఎవరింట్లో, ఏ లైను, మగపిల్లాడా ఆడపిల్లా అని అన్నీ కనుక్కుని, బొడ్లోంచి తాళంచెవి తీసి, కళ్లకద్దుకుని ఇచ్చేది. "ముందుగాల పిడికిట్ల పెట్టు. తగ్గకుంటె పండ్ల నడుమ పెట్టు. దీపం పెట్టే యాళ్లకు తెచ్చియ్యాలె, దుకాణం మూసుకోవాలె," అని చెప్పి పంపేది. వాళ్లు ఉరికి ఇల్లు చేరేసరికి బిడ్డ నెమ్మదించి ఉండేవాడు. సాయంత్రం తాళంచెవితో పాటు ఆ కుటుంబమంతా వచ్చి మా దగ్గరే ఉప్పూపప్పూ కట్టించుకునేది. అవతలి దుకాణం సేటు ఎంత నాణ్యమైన కందిపప్పు తెచ్చినా మా తాళంచెవిని మాత్రం తేలేకపోయాడు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ వ్యాపార రహస్యం నాకు పరదా తీసినట్టు కనబడుతుంది. పసిపిల్లలకు జ్వరంతో వచ్చే మూర్ఛ చాలాసార్లు కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది. ఇనుము అక్కర్లేదు, వాసన చూపే ఉల్లిగడ్డ అక్కర్లేదు. వాళ్లు మా దాకా ఉరికి రావడం, బాపమ్మ వివరాలన్నీ అడగడం, మళ్లీ ఉరకడం. ఆ దూరమే వైద్యం. సరుకు ఇల్లు చేరేలోపే అవసరం తీరిపోయేది, పేరు మాత్రం సరుక్కి వచ్చేది. ఇంత లాభసాటి బేరం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. కానీ ఆ లెక్కలో ఒక చిల్లు ఉంది. తాళంచెవి సమయానికి చేరగలిగే ఇల్లు ఊరు మొత్తం మీద ఒక్కటే. అది మాదే.

రాజేశం అప్పుడు మాటలు కూడబలుక్కుంటున్న వయసు. ఒళ్లు కాలిపోతుంటే బాపమ్మ వాడికి రెండు దుప్పట్లు కప్పింది, చెమట పడితే జ్వరం దిగుతుందని. నేను పక్కన కూర్చుని అచ్చనగాయలు ఆడుకుంటున్నాను. వాడి చూపు ఒక మూలకు పోయి అక్కడే నిలబడిపోయింది. తర్వాత ఒళ్లంతా కొయ్యబారి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. అమ్మ అరిచిన అరుపుకు దుకాణంలో ఉన్నవాళ్లంతా పరదా తోసుకుని లోపలికి వచ్చేశారు. అందరికంటే ముందు ఓదెలు కాక. మాకు చుట్టం కాదు, బాయిలో తట్ట మోసే మనిషి, రోజూ మా దగ్గరే బీడీలు కొనేవాడు. మంచితనం ఎక్కువ, బలం ఇంకా ఎక్కువ. వంగిన దాన్ని ఒత్తి పట్టుకోవడమే ఆయనకు తెలిసిన సాయం. తమ్ముడి కాళ్లను రెండు చేతులతో నేలకు అదిమి పట్టాడు. బాపమ్మకు ఎవరింట్లో, ఏ లైను అని అడిగే పని లేకపోయింది. తాళంచెవి తీసి వాడి పిడికిట్లో కుక్కింది, ఆగలేదు. బిగుసుకున్న పళ్ల మధ్యకు తోసింది. టక్కుమని చిన్న చప్పుడైంది. ముందు పన్ను విరిగింది, పెదవి చీలింది, నోరంతా రక్తం.

రిక్షాలో సర్కారు దవాఖానకు చేరేసరికి వాడు అమ్మ భుజం మీద నిద్రపోతున్నాడు. అక్కడి డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. వాడిని తిప్పి తిప్పి చూసి, జ్వరం సంగతి అడిగి, చివరికి అమ్మ జాకెట్టు మీది మరక చూసింది.

"మూర్ఛ వస్తే రక్తం ఎందుకు వచ్చిందమ్మా?"

అమ్మ చెప్పింది. డాక్టరమ్మ కోప్పడుతుందని నేను గోడకు నక్కాను. ఆమె కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. "జ్వరం వల్ల వచ్చింది ఇది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ చాలామంది పిల్లలకు దీనివల్ల ఏమీ కాదు. ఐదేళ్లు నిండేదాకా జ్వరం వచ్చినప్పుడు మళ్లీ రావచ్చు. అప్పుడు వాడిని నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏదీ పెట్టొద్దు," అంది.

అమ్మ కూడా సేటు కూతురే. మొదటి మాటకు ఒప్పుకోవడం ఆమె వంశంలో లేదు. "చెంచ?" అంది.

"వద్దు."

"కట్టె చెంచ?"

"వద్దమ్మా."

"బట్ట చుట్టి పెడితే?"

"ఏదీ వద్దు."

"నాలుక మింగుతడు గద మేడం."

"నాలుకను ఎవరూ మింగలేరు. పక్కకు తిప్పితే ఉమ్ము బయటికి పోతుంది, ఊపిరి బాగా ఆడుతుంది."

"కాళ్లు చేతులన్న పట్టుకుంట."

"పట్టుకోవద్దు. కొట్టుకోనీ. తగిలే వస్తువులు దూరం జరుపు, మెడ దగ్గర గుండీలు విప్పు. దుప్పట్లు కప్పొద్దు, నెత్తిన చన్నీళ్లు పొయ్యొద్దు."

"ఒక్క గుక్క నీళ్లు?"

"పూర్తిగా తెలివి వచ్చేదాకా చుక్క కూడా వద్దు."

అమ్మ మొహంలో అప్పుడు నేను చూసింది కోపం కాదు. వట్టి చేతులతో కూర్చున్న మనిషి బెంగ. "మరి నేనేం చెయ్యాలె? తల్లిని గద," అంది.

"వాడి పక్కన ఉండు. గడియారం చూడు," అంది డాక్టరమ్మ. "ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, నీలంగా మారి ఊపిరి కష్టమైతే, ఒకసారి తగ్గి మళ్లీ వస్తే, ఉన్నపళంగా దవాఖానకు తీసుకురా. తగ్గినా కూడా తీసుకురా, జ్వరం ఎందుకొచ్చిందో మేం చూడాలి."

"ఐదేనా? మూడుకు తీసుకస్తే వద్దంటరా?"

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. తిరుగు రిక్షాలో అమ్మ తమ్ముడి పెదవిని కొంగుతో అద్దింది. తర్వాత తనలో తానే, "ఒక్క మెట్టు దిగలే ఆమె," అంది. ఆ గొంతులో పెద్ద బేరగత్తెను చూసిన గౌరవం ఉంది.

ఇంటికి వచ్చాక అమ్మకు రెండు పనులు పడ్డాయి. ఒకటి, నేర్చుకున్నది చేతికి అలవాటు చేయడం. దానికి నన్ను పట్టుకుంది. మధ్యాహ్నం దుకాణం పలచబడ్డాక నేను మూర్ఛ వచ్చినట్టు పడాలి, అమ్మ నన్ను పక్కకు తిప్పాలి, తల దగ్గరి చెంబు దూరం నెట్టాలి, గుండీ విప్పాలి, గడియారం చూడాలి. ఊరికే పడితే నేను నేనెందుకవుతాను? ఒక మూర్ఛకు ఒక పల్లీపట్టి అని కుదుర్చుకున్నాను. అమ్మ సగం పట్టికి దింపాలని చూసింది. "సగం మూర్ఛ వస్తది మల్ల," అన్నాను. ఆ నెలలో నాకు వచ్చినన్ని మూర్ఛలు సింగరేణి ప్రాంతంలో ఎవరికీ వచ్చి ఉండవు. బట్టలు బిగుతయ్యాయి. నేను మానేద్దామన్నా ఇక అమ్మ ఒప్పుకోలేదు. కందిపప్పును చిన్న మూటకట్టి, దాన్ని పడుకోబెట్టి సాధన చేసింది. కందిపప్పు మూటకు పల్లీపట్టి ఇవ్వనక్కర్లేదు మరి.

రెండో పని బాపమ్మ. ఆమె ఆ రోజు నుంచి సరిగా అన్నం తినలేదు. తాళంచెవిని చింతపండు పులుసుతో రుద్ది రుద్ది కడిగి, మళ్లీ బొడ్లో దోపుకుంది గానీ, చెయ్యి దాని మీదికి పోయినప్పుడల్లా వెనక్కి వచ్చేది. "చాబి తప్పు కాదు. నేను జల్ది పడ్డ. ఈసారి మంచిగ పెడత," అని మాత్రం అనేది. బాపు భయం ఇంకొకటి. తాళంచెవికి పేరు పోతే గిరాకీ మొత్తం ఎదుటి దుకాణానికి పోతుందని. తాళంచెవి పనికిరాదని అమ్మ ఒక్క మాట అంటే అత్త మనసూ విరుగుతుంది, మొగుడి దుకాణమూ విరుగుతుంది. అనకపోతే రేపు మళ్లీ జ్వరం వచ్చిన రోజు కొడుకు నోట్లో ఇనుము ఉంటుంది, ఈసారి గొంతుకు ఏం అడ్డం పడుతుందో తెలియదు. నేను నా జీవితంలో చూసిన గొప్ప బేరం ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ జరిగింది. ఇద్దరూ తల ఎత్తలేదు.

"అత్తమ్మా, మన చాబికి బలం ఎక్కువైంది," అంది అమ్మ. "పసి నోరు ఓర్చుకోలే. నోట్లె వద్దు."

బాపమ్మ రాయి ఏరి పారేసింది. "సరే. పిడికిట్ల పెడత."

"పిడికిలి బిగుసుకపోతది గద. ఇప్పబోతె ఏలు ఇరుగుతది."

"అయితే తలకింద పెడత."

"తల కొట్టుకుంటది అత్తమ్మా. ఇనుము తలిగితే?"

"మంచం కింద పెట్టనియ్యవా?"

"మంచం మీద పండపెట్టద్దన్నది డాక్టరమ్మ. కిందపడతడట."

బాపమ్మ చాట కింద పెట్టింది. "మరి నా చాబి యాడ పెట్టాల్నో నువ్వే చెప్పవే."

అమ్మ అప్పుడు తలెత్తింది. "చాబి పనేంది అత్తమ్మా? తలుపు కాసుడు. మొన్న ఇరవై మంది లోపలికి ఉరికిండ్రు, పిలగానికి గాలాడలే. మీరు చాబి చేత పట్టుకోని పరద కాడ నిలవడుండ్రి. మిమ్మల్ని దాటొచ్చే మొగోడు ఈ ఖనిల పుట్టలే."

బాపమ్మ మళ్లీ చాట ఎత్తుకుంది. బేరం తెగేముందు ప్రతి వ్యాపారీ చివరి కొసరు అడుగుతాడు. "నిలవడి దండకం సదువుకుంట. వద్దనద్దు."

"సదువుండ్రి. నిమ్మళంగ సదువుండ్రి," అంది అమ్మ.

మూర్ఛ మళ్లీ వచ్చింది. జీతాలు పడ్డ రోజు, మొదటి షిఫ్టు దిగినవాళ్లతో దుకాణం కిటకిటలాడుతోంది. పొద్దుటి నుంచి వెచ్చగా ఉన్న రాజేశాన్ని అమ్మ గల్లా వెనక గోనెసంచుల మీద పడుకోబెట్టుకుని సామాను కట్టిస్తోంది. నేను చక్కెర పొట్లం చుడుతున్నాను. సంచుల మీద చప్పుడైంది. తిరిగి చూస్తే వాడి చూపు మళ్లీ ఆ మూలకే పోయింది.

ఈసారి అమ్మ అరవలేదు. వాడిని ఎత్తి కింద పరిచిన గోనెపట్టా మీద పెట్టి, పక్కకు తిప్పింది. తూకం రాళ్లను మోచేత్తో దూరం తోసింది. అంగీ గుండీ విప్పింది. ఏ పని తర్వాత ఏ పనో ఆమె చేతులకు తెలుసు. "బిడ్డా, గడియారం," అంది నాతో. నేను చక్కెర వదిలేసి గడియారం కింద నిలబడ్డాను. అందరూ ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు. ఎవరో చెంచా అన్నారు, ఎవరో ఉల్లిగడ్డ కొట్టమన్నారు, ఒకాయన తన టిఫిన్ డబ్బాలోని నీళ్లు పట్టుకొచ్చాడు. ఓదెలు కాక గల్లా పలక ఎత్తి లోపలికి కాలు పెట్టాడు, ఆ పెద్ద చేతులు రెండూ ముందుకు చాపి.

"కాకా, చేతులు ఎనకకు పెట్టుకో," అంది అమ్మ, తమ్ముడి మీంచి చూపు తిప్పకుండా.

"అదేంది బిడ్డా, కొట్టుకుంటుండు గద."

"కొట్టుకోనియ్యి. నిన్నేం అడగ. చేతులు ఎనకకు పెట్టుకో."

అప్పటికి పరదా కదిలింది. బాపమ్మ వచ్చి ఆ పలక దగ్గర నిలబడింది. చేతిలో తాళంచెవి, పైకెత్తి, గద పట్టినట్టు. "ఎనకకు జరుగుండ్రి," అంది. "చాబి పనిజేస్తున్నది. మీరు అడ్డం రావద్దు." అంత గుంపూ ఒక అడుగు వెనక్కి పోయింది. డాక్టరమ్మ చెప్పినా జరిగేవాళ్లు కాదు, అమ్మ బతిమాలినా జరిగేవాళ్లు కాదు. తాళంచెవి మాట గనక జరిగారు. చెంచా ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

ఆ గడియారం గురించి ఒక మాట చెప్పాలి. బాపు దాన్ని ఎంత ముందుకు తిప్పి పెట్టుకున్నా, ముల్లు ఒక గీత నుంచి ఇంకో గీతకు పోవడానికి పట్టే సమయాన్ని మాత్రం కొనలేకపోయాడు. మా ఇంట్లో బేరానికి లొంగని వస్తువు అదొక్కటే అని ఆ రోజు తెలిసింది. నేను చూస్తున్నాను, అది కదలడం లేదు. దుకాణంలో బాపమ్మ దండకం ఒక్కటే వినబడుతోంది. తమ్ముడి నోటి నుంచి ఉమ్ము జారి గోనె మీద పడుతోంది, అమ్మ అరచెయ్యి వాడి వీపు మీద ఊరికే ఆని ఉంది. అమ్మ ఒక్కసారే అడిగింది, "ఎంతైంది?" చెప్పాను. ఐదుకు ఇంకా చాలా ఉంది. బాపు అప్పటికే రిక్షాను గడప ముందుకు తెచ్చి నిలబెట్టాడు, ముల్లు ఆ గీత దాటితే చాలు ఎత్తుకు పోవడానికి. దాటలేదు. వాడి కాళ్లు మెల్లగా సడలాయి. పెద్ద నిట్టూర్పు ఒకటి వచ్చింది. పెదవులకు రంగు తిరిగొచ్చింది. సన్నగా ఏడ్చి, అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిద్రలోకి జారిపోయాడు.

ఓదెలు కాక చేతులు ఇంకా వెనకే ఉన్నాయి, ఆయన కంటి నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా ముందుకు తీయలేదు.

దవాఖానకు ఈసారి బాపమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ వాడి నోరు తెరిచి చూసింది. పెదవి చూసింది. చిన్న గాటు కూడా లేదు. "ఈసారి ఎవరు చూసుకున్నారు?" అంది. అమ్మ తన పేరు చెప్పుకోలేదు. "మా అత్తమ్మ ఒక్కణ్ని దగ్గరికి రానియ్యలే," అంది. డాక్టరమ్మ బాపమ్మ వైపు తిరిగి, "సగం వైద్యం మీరే చేశారు పెద్దమ్మా. నేను చెబితే జనం వినరు," అంది. బాపమ్మ ఆ రోజు రిక్షాలో కూర్చున్న తీరు నాకిప్పటికీ గుర్తు. పండక్కి ఊరేగే దేవతలు కూడా అంత నిటారుగా కూర్చోరు. ఆ రాత్రి రెండుసార్లు వడ్డించుకుంది.

తాళంచెవి పేరు పోతుందని బాపు పడ్డ భయం వట్టిదే అయింది. పేరు రెట్టింపైంది. తర్వాత ఎవరు ఉరికొచ్చినా బాపమ్మ దాన్ని చేతికిచ్చి పంపలేదు, తానే వెంట పోయింది. పోతూ పోతూ దారిలోనే పాఠం మొదలు. పక్కకు తిప్పిండ్రా, నోట్లో ఏమన్న పెట్టిండ్రా, గడియారం ఉన్నదా, లేకుంటే పక్కింట్ల చూడు, రిక్షాను పిలువుండ్రి. గడప దగ్గర నిలబడి చాబి ఎత్తేది. "నోట్లె చెంచ పెట్టినోళ్లకు మా దుకాణంల ఉప్పు గూడ దొరకది," అని చెప్పేది. ఉప్పు దొరకదంటే మనుషులు ఏ శాస్త్రమైనా నేర్చుకుంటారు. కొన్నాళ్లకు మా చుట్టుపక్కల లైన్లలో పళ్లు విరిగిన పిల్లలు, పెదవి చీలిన పిల్లలు కనబడటం మానేశారు. గోదాలో గెలిచిన పహిల్వాను కంటే, బాపమ్మను గెలిపించి తాను గెలిచిన అమ్మ గొప్పదని ఆ వయసులో నాకు తెలియలేదు. గల్లా వెనక ఇన్నేళ్లు కూర్చున్నాక తెలిసింది.

ఇన్ని తలుచుకుంటూ బస్సు దిగాను. దుకాణం ముందు షట్టర్ బిగించేవాళ్లు వెల్డింగ్ చేస్తున్నారు. బాపమ్మ, బాపు, అమ్మ ముగ్గురూ ఇప్పుడు గోడ మీది ఫొటోల్లో ఉన్నారు. ఆ పక్కన పాత గడియారం ఇంకా నడుస్తోంది. బొగ్గు పొయ్యిలు లేవు, వీధిలో పొగ లేదు, తీగ మీద చీరలు కొన్న రంగులోనే ఉన్నాయి. ఓదెలు కాక డ్యూటీ దిగిపోయి ఎన్నో ఏళ్లయింది, చేతికర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుని వెల్డింగ్ వాళ్ల పనికి వంకలు పెడుతున్నాడు. రాజేశానికి నా కంటే పెద్ద బొజ్జ. నేను చాయ్ తాగి, తాళంచెవి చేతిలోకి తీసుకుని, అమ్మ పేరెత్తే ఘట్టానికి వచ్చాను. వాడు మెత్తబడుతున్నాడు, కళ్లు చెబుతున్నాయి. అప్పుడు లోపలి గదిలోంచి వాడి కోడలు స్వప్న గొంతు వినబడింది. అరుపు కాదు.

"మామా, గడియారం చూడుండ్రి."

వాడి మనవరాలు చిన్నికి పొద్దుటి నుంచి జ్వరమని ఇందాక చాయ్ ఇస్తూ చెప్పింది స్వప్న. నేను పరుగెత్తాను. నా మోకాళ్లు నాతో బేరమాడే స్థితిలో లేవు, అయినా పరుగెత్తాను. ఎన్ని పల్లీపట్టీలు తిని సంపాదించిన విద్య నాది, ఈ పిల్లకేం తెలుసు, నేనే చూసుకోవాలని లోపలికి పోతే, నాకు అక్కడ చేయడానికి ఏమీ మిగల్లేదు. చిన్ని చాప మీద పక్కకు తిరిగి ఉంది. గౌను గుండీలు విప్పి ఉన్నాయి. స్టీలు గ్లాసు, బొమ్మలు దూరంగా నెట్టి ఉన్నాయి. స్వప్న అరచెయ్యి ఆ చిన్న వీపు మీద ఊరికే ఆని ఉంది. అమ్మ బతికున్నప్పుడు ఈ ఇంటికి వచ్చిన ప్రతి కోడలికీ పొయ్యి కంటే ముందు చూపించింది ఈ పనే, కందిపప్పు మూటతో. "మా అత్తగారింట్ల పప్పు మూటకు మూర్ఛలొస్తయి," అని స్వప్న పెళ్లయిన కొత్తలో పుట్టింట్లో చెప్పి నవ్వించిందట. ఇప్పుడు దాని కళ్ల నిండా నీళ్లున్నాయి, చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి. నేను సలహా ఇవ్వడానికి నోరు తెరిచాను.

"పెద్దత్తమ్మా," అంది స్వప్న, పిల్ల మీంచి చూపు తిప్పకుండా, "మీరు తలుపు కాడ నిలవడుండ్రి. ఎవ్వరిని రానియ్యకుండ్రి."

చూసుకుంటే తాళంచెవి నా చేతిలోనే ఉంది.

పోయి నిలబడ్డాను. వెల్డింగ్ వాళ్లు లోపలికి వస్తున్నారు, పక్కింటావిడ కోసిన ఉల్లిగడ్డ తెచ్చింది, ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీయబోయాడు. మనుషులు మారలేదు, చెంచా బదులు ఫోన్ వచ్చింది. నేను తాళంచెవి ఎత్తాను. నన్ను చూసి ఎవరు భయపడతారనుకున్నాను గానీ, వాళ్ల వెనక నుంచి ఓదెలు కాక గొంతు లేచింది. కర్రను చంకలో పెట్టుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడి ఉన్నాడు. "చేతులు ఎనకకు పెట్టుకోండ్రి. ఫోను జేబుల పెట్టు తమ్మీ. గీ ఇంట్ల పద్ధతి గట్లనే." రాజేశం గడియారం కింద నిలబడ్డాడు, ఒక చేతిలో అంబులెన్సుకు కలపడానికి సిద్ధంగా ఫోన్. ఒకప్పుడు గోనెపట్టా మీద ఉన్న ఎవరి కోసం నేను ఆ గడియారం కింద నిలబడ్డానో, ఆ మనిషే. వాడి పెదవులు నిమిషాలు లెక్కపెట్టుకోవడం నాకు కనబడుతోంది. ఐదు దాకా పోలేదు. లోపల నిట్టూర్పు వినబడింది, తర్వాత సన్నటి ఏడుపు. ఆ ఏడుపంత కమ్మటి చప్పుడు లోకంలో లేదు.

ఆటోలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. గొంతు పుండు వల్ల వచ్చిన జ్వరమని చెప్పి మందులిచ్చాడు. పొద్దు వాలకముందే చిన్ని తాత బొజ్జ మీద కూర్చుని బిస్కెట్టు నములుతోంది, ఉన్న పళ్లన్నిటితో. పక్కింటావిడ వీధిలో అందరికీ చెబుతోంది, "సేటు వాళ్ల చాబి ఎత్తంగనే తగ్గింది," అని. నేను సరిదిద్దబోయి ఆగిపోయాను. మర్నాటి నుంచి ఆమె కూడా ఉల్లిగడ్డ పక్కన పెట్టి, తలుపు దగ్గర నిలబడి పిల్లను పక్కకు తిప్పమని చెబితే, క్రెడిట్ ఎవరికి పోతేనేం.

బస్సు వేళకు రాజేశం నా చేతి సంచి తెచ్చాడు. "చాబి తీస్కపో అక్కా. నువ్వే గెలిచినవ్," అన్నాడు. ఇంత తేలిగ్గా తెగిన బేరం నాకు జీవితంలో తగల్లేదు. గడియారం కింద గోడకు ఒక మేకు ఖాళీగా కనబడింది. తాళంచెవిని దానికి తగిలించాను, స్వప్న చెయ్యి అందేంత ఎత్తులో. "తాళం ఇయ్యి," అన్నాను వాడితో.

బసంత్‌నగర్ బస్సులో సీటు దొరికింది. సంచి బరువుకు తొడ నొప్పి పెడుతుంటే తాళం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ దాన్ని వింతగా చూసి, "ఏందవ్వా, గింత పెద్ద తాళం. చాబేది?" అంది.

"డ్యూటీల ఉన్నది," అన్నాను.